‘ఖాళీగా ఉన్నది’ అని రాసిన భూమి

(విశాఖపట్నంలో జరిగిన ఒక సభలో, రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ముందు వరసలో కుర్చీలున్నాయి. రండమ్మా, మొహమాటపడకండి.

నాకిచ్చిన విషయం ప్రభుత్వ భూములు, వాటి మీద ఉన్న రకరకాల వాడకాలు, వాటన్నింటినీ ఎలా సర్దుకోవాలి అని. చట్టాలతో మొదలుపెట్టను. ఒక మధ్యాహ్నంతో మొదలుపెడతాను.

నేను సర్వీసులో చేరిన కొత్త. భీమిలి వైపు ఒక పల్లె, పేరు చెప్పను. ఊరికి ఉత్తరాన పదకొండెకరాల పైచిలుకు పోరంబోకు, అంటే ఎవరికీ పట్టా లేని ప్రభుత్వ భూమి, ఉంది. ఒక ఆఫీసుకి గోడౌన్లు కట్టుకోవడానికి స్థలం కావాలి. చూసి రిపోర్టు రాసుకురమ్మని నన్ను పంపారు. మే నెల. పన్నెండు దాటింది. నాతో సర్వేయరు, గొలుసు పట్టే మనిషి, ఊరి తలారి. అక్కడ ఏముంది? తుప్పలు, ఎండిన గడ్డి, ఒక మూల రావిచెట్టు. పక్కనే గెడ్డ, అంటే వాగు, అందులో నీటిచుక్క లేదు, ఉత్త ఇసుక. మనిషి లేడు, పశువు లేదు. రావిచెట్టు కింద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని రాశాను. ‘సదరు భూమి ఖాళీగా ఉన్నది. ఆక్రమణలు లేవు. అభ్యంతరం లేని పోరంబోకు.’ మూడు వాక్యాలు. కింద సంతకం.

రాస్తుంటే ఒక ముసలావిడ వచ్చింది. నెత్తిమీద ఎండుపుల్లల మోపు. ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పాను. ఆవిడ మోపు దించలేదు, అలాగే నిలబడి అంది: “ఇప్పుడొచ్చి సూసి కాళీ అంతే ఎలాగ బాబూ? ఉబాలప్పుడు రా. అప్పుడు సూడు కాళీయో కాదో.”

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఉబాలంటే తెలుసు కదా? వరినాట్లు. ఇక్కడ పట్నంలో పుట్టినవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. ఎండాకాలం పశువులు ఎక్కడ ఉంటాయి? కోసేసిన పొలాల్లో. అప్పుడు వాటికి పోరంబోకుతో పనేముంది? వానలు పడి, దమ్ములు చేసి, ఊడుపు మొదలైన రోజు నుంచి పొలంలోకి పశువు దిగడానికి లేదు. అప్పుడు ఊళ్లో ఉన్న ఆవులు, గేదెలు, మేకలు అన్నీ ఎక్కడికి పోతాయి? గోర్జి, అంటే ఊరి సన్నదారి, దాటి ఆ పదకొండెకరాలకి. నాలుగైదు నెలలు అదే వాటికి దిక్కు. కోతలయ్యాక అందులోనే ఒక ముక్క కళ్లం, సొంత కళ్లం లేని చిన్నరైతులు నూర్పులు చేసుకునేది అక్కడే. సంక్రాంతి వెళ్లాక తీర్థం, అంటే జాతర, జరిగేది ఆ రావిచెట్టు కిందే. గెడ్డ పొంగితే నీళ్లు పరుచుకునేది కూడా అందులోకే, అందుకే ఊళ్లోకి రావు. ఒక్క భూమి, నాలుగు వాడకాలు. నేను వెళ్లిన రోజు మటుకు ఒక్కటీ కనబడలేదు. కనబడనిది లేదని రాశాను.

అభ్యంతరాలుంటే చెప్పమనే ఏ-1 నోటీసు అతికించాం. చాటింపు వేయించాం. అభ్యంతరాలు రాలేదు. ఎలా వస్తాయి? పంచాయతీ గోడ మీద అతికించిన కాగితం మేకల వెనక తిరిగే మనిషి చదువుతాడా? చదివినా ‘సర్వే నంబరు ఫలానా, పదకొండు ఎకరాల చిల్లర’ అంటే అది తన మేత అని అతనికి తెలుస్తుందా?

గోడ కట్టారు. మరుసటి ఏడాది గెడ్డ పొంగింది. ఆ గోడకి తగిలి, తిరిగి, పల్లంలో ఉన్న కాలనీలోకి వెళ్లింది. నేను పంచనామాకి వెళ్లాను. మోకాల్లోతు బురద. గుడిసెల ముందు గింజలు ఆరబోసుకుంటున్నారు, మొలకలొచ్చిన వడ్లు. ఆ ఏడే ఊళ్లో చాలామంది మేకలు అమ్ముకున్నారు. ఆ ముసలావిడ కనబడింది. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ముప్ఫై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను, ఎన్నో రిపోర్టులు రాశాను. నేను రాసిన మాటల్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన మాట ‘ఖాళీగా ఉన్నది’. ఈరోజు మీతో మాట్లాడేది ఆ ఒక్క మాట గురించే.

ఇది ఒక్క నా తప్పేనా? నా తప్పే, కాదనను. అయితే మన రికార్డు కూడా అలాగే ఉంది. ఈ జిల్లాలో చాలా ఊళ్లు పూర్వం జమీందారీ ఎస్టేట్లు. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక సెటిల్‌మెంటు చేసి, ఫెయిర్ అడంగల్ అనే భూముల రిజిస్టరు రాశారు. అందులో ప్రభుత్వ భూమికి ఎదురుగా ఏముంటుంది? ఒక్క మాట ఉంటుంది. గెడ్డ పోరంబోకు. కొండ పోరంబోకు. మందబయలు, అంటే పశువుల మంద నిలిచే చోటు. శ్మశానం. చెరువు. ఒక భూమికి ఒక గడి, ఒక గడికి ఒక మాట. చెరువు అని రాస్తే అది చెరువు మాత్రమే. ఎండాకాలం ఆ చెరువుగర్భంలో పుచ్చకాయలు వేసేవాళ్లు, మట్టి తీసుకెళ్లే కుమ్మరి, బట్టలు ఉతికే చాకలి, చేపలు పట్టేవాళ్లు ఆ గడిలో లేరు. రికార్డులో లేనివాడు ఆఫీసుకి వస్తే మేం ఏమంటాం? ‘నీ దగ్గర కాగితం ఉందా?’ అంటాం.

అమెరికా సంగతి ఒక్క నిమిషం చెబుతాను. వాళ్లు 1960లో జాతీయ అడవుల కోసం ఒక చట్టం చేశారు. జనం విహారం, పశువుల మేత, కలప, నీటి పరీవాహకం, వన్యప్రాణులూ చేపలూ, ఈ ఐదింటినీ కలిపి చూసుకోవాలని పేరుపేరునా రాసుకున్నారు. 1976లో మిగతా ప్రభుత్వ భూముల్లో చాలావాటికి కూడా ఇలాంటి చట్టమే తెచ్చారు. తెచ్చాక గొడవలు ఆగాయా? ఆగలేదు. పశువుల వాళ్లు, గనుల వాళ్లు, అడవిని కాపాడాలనే వాళ్లు ఇప్పటికీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. కానీ మేత అనే మాట చట్టంలో ఉంది. మాట ఉన్నవాడు కోర్టుకైనా వెళ్లగలడు. మా పల్లె మేకలవాడికి ఆ మాట కూడా లేదు. తేడా అక్కడుంది.

సరే, పల్లె వదిలి మన ఊళ్లోకి వద్దాం. మీరు రోజూ చూసే భూమి చెబుతాను. బీచ్.

ఎప్పుడైనా తెల్లవారుజామున నాలుగున్నర, ఐదింటికి మత్స్యకారులుండే జాలారిపేట వైపు వెళ్లారా? వెళ్లండి. తెప్పలు, ఫైబర్ బోట్లు ఒడ్డుకు చేరుతుంటాయి. ఇసుక మీద వలలు పరిచి, కూర్చుని, కాలి బొటనవేలికి వల కన్ను తగిలించుకుని బాగుచేస్తుంటారు. అలివి వల, అంటే ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల, లాగేటప్పుడు చూడండి. ఇరవై, ముప్ఫై మంది రెండు వరసలుగా నిలబడి తాళ్లు లాగుతారు. ఆ రెండు వరసల మధ్య ఎంత బారు ఇసుక ఖాళీగా కావాలో చూడండి. మధ్యలో ఒక్క సిమెంటు దిమ్మ కట్టినా వల ఒడ్డుకి రాదు. కాస్త ఎండెక్కితే ఆడవాళ్లు నెత్తళ్లు, కవళ్లు లాంటి చేపలు ఆరబోస్తారు. ఆ గంటల్లో ఆ ఇసుక వాళ్ల పొలం. సాయంత్రం అదే ఇసుక మీద మన పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు, మొక్కజొన్న పొత్తులు తింటాం. చలికాలం చివర్లో, రాత్రి అందరూ వెళ్లిపోయాక, అదే ఇసుకలోకి ఆలివ్ రిడ్లీ తాబేలు వచ్చి గుడ్లు పెడుతుంది. అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లు ఏరి హేచరీల్లో పెడతారు. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల వెలుతురు ఎటుంటే అటు పోతుంది. పూర్వం వెలుతురు ఎక్కడుండేది? సముద్రం మీద. ఇప్పుడు ఎక్కడుంది? రోడ్డు మీద. అందంగా ఉంటుందని మనం పెట్టిన దీపాలకేసి అవి నడుస్తాయి.

ఒకటే ఇసుక. పొద్దున ఒకరిది, సాయంత్రం ఒకరిది, రాత్రి ఇంకొకరిది. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లి చూస్తే ఏముంటుంది? ఖాళీగా ఉంటుంది. నాలాంటి ఉద్యోగి వచ్చి రాసుకుపోతాడు.

ఇక ఆ ఇసుకని చూసుకునేది ఎవరు? రెవెన్యూ, నగరపాలక సంస్థ జీవీఎంసీ, నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ, పర్యాటక శాఖ, అటవీశాఖ, మత్స్యశాఖ, మెరైన్ పోలీసు, పోర్టు, నౌకాదళం. ఎవరి ఫైలు వాళ్లది. ఎవరి పనీ తప్పు కాదు, ఈ మాట మనసారా అంటున్నాను, నేను అందరితోనూ కూర్చుని పనిచేశాను. కానీ ఈ ఫైళ్లన్నీ ఒక బల్ల మీద పెట్టి, మొత్తం కలిపితే ఎంతవుతుందో చూసే మనిషి లేడు. ఋషికొండ బీచ్‌కి 2020లో బ్లూఫ్లాగ్ వచ్చింది, శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. సంతోషం, శుభ్రత బాగుంది, నేనూ మనవల్ని తీసుకెళ్తాను. ఆ గుర్తింపు కోసం వేసిన లెక్కల్లో నీటి నాణ్యత ఉంది, మరుగుదొడ్లు ఉన్నాయి, భద్రత ఉంది. పక్కన వల ఆరేసుకునే మనిషి ఏ గడిలో ఉన్నాడు?

ఇంకో సంగతి. వాడకం ఒకచోట ఉంటుంది, దెబ్బ ఇంకోచోట తగులుతుంది. 1976లో ఔటర్ హార్బరు కట్టారు. పోర్టు లేకపోతే ఈ ఊరు లేదు, 1933లో పోర్టు తెరిచినప్పటి నుంచి ఈ ఊరికి అన్నం పెట్టింది అదే. కానీ మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొస్తుంది. మధ్యలో ఆ హార్బరు రాతిగోడ అడ్డం వచ్చింది. ఇసుక అక్కడే ఆగిపోతోంది. ఇక్కడ ఆర్కే బీచ్‌కి రావలసిన ఇసుక రావట్లేదు, కెరటం మటుకు వస్తోంది. అందుకే ఆగిపోయిన ఇసుకని డ్రెడ్జర్‌తో తవ్వి, తెచ్చి, బీచ్‌లో పోస్తూ ఉండాలి. పోయడం మానేస్తే బీచ్ రోడ్డుకి ముప్పు. అంటే ఏంటి? ఒక వాడకానికి అనుమతి ఇచ్చిన రోజున దాని ఖర్చు కూడా ఒప్పుకోవాలి, ఎప్పటికీ కట్టుకుంటూ ఉండాలి. పోర్టు విషయంలో ఆ ఖర్చు కళ్లకి కనబడింది, అందుకే పెడుతున్నాం. మా పల్లెలో గోడ కట్టిన రోజున ఆ ఖర్చు ఎవరూ రాయలేదు. కాలనీవాళ్లు కట్టారు.

ముడసర్లోవ కూడా ఇలాంటిదే, త్వరగా చెప్పేస్తాను. వందేళ్లు దాటిన రిజర్వాయరు. మొదట తాగునీటికి కట్టింది. ఇప్పుడు పక్కన పార్కు ఉంది, గోల్ఫ్ కోర్సు ఉంది, నీటి మీద 2018 నుంచి 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి, కొంగలు, నీటికాకులు సరేసరి. ఇన్ని ఉన్నా నేను దాన్ని తప్పుపట్టను. ఎందుకంటే పలకలు తీసేస్తే నీళ్లు మళ్లీ నీళ్లే. కానీ చుట్టూ కొండలున్నాయి కదా, ఆ కొండల మీంచి దిగే గెడ్డలున్నాయి కదా, వాటిని పూడ్చి లేఅవుటు వేస్తే? పార్కు ఉంటుంది, గోల్ఫ్ ఉంటుంది, పలకలు ఉంటాయి. రిజర్వాయరు ఉండదు. నీళ్లొచ్చే దారి పోయాక మిగతా వాడకాలన్నీ దేని మీద నిలబడతాయి?

అందుకే నేను ఏ ఫైలు చూసినా ముందు ఒకటి అడగడం నేర్చుకున్నాను. ఇది చేశాక, రేపు తప్పని తెలిస్తే వెనక్కి రాగలమా?

ఎర్రమట్టి దిబ్బల సంగతి చూడండి. భీమిలి దారిలో. ఎంతమంది చూశారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. గాలి, సముద్రం, వాన కలిసి వేల ఏళ్లపాటు పోగుచేసిన ఇసుక అది. సముద్రమట్టం పెరిగింది, తగ్గింది, ఆ కథంతా ఆ పొరల్లో ఉంది. జియలాజికల్ సర్వే వాళ్లు భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా వెళ్లింది. అంతేకాదు, వానపడితే నీటిని అది స్పంజిలా పీల్చుకుని నెమ్మదిగా కిందికి వదులుతుంది. దాని మీద ఎన్ని వాడకాలున్నాయి? చూడ్డానికి వచ్చేవాళ్లు, సినిమా షూటింగులు, చదువుకునే విద్యార్థులు, పక్కన నౌకాదళం, జీడితోటలు, ఇళ్ల స్థలాలు అడిగేవాళ్లు. షూటింగు వాళ్లు ఒక రోజు ఉంటారు, పోతారు. వాళ్లతో మాట్లాడుకోవచ్చు, షరతులు పెట్టుకోవచ్చు. బుల్‌డోజరు ఒక్క పూట తిరిగితే? ఆ దిబ్బని ఎవరు పేరుస్తారు? ఈ రెండు వాడకాలనీ ఒకే బల్ల మీద, ఒకే దరఖాస్తు ఫారంలో, ఒకే ఫీజుతో చూడటం ఎంత పొరపాటో ఆలోచించండి.

ఇక్కడ మీలో ఒకరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. చాయ్ తాగేటప్పుడు ఇందాక ఒక తమ్ముడు అడిగాడు కూడా. ‘సార్, ఖాళీగా వదిలేస్తే కబ్జా అయిపోతుంది కదా, ఏదో ఒక శాఖకి ఇచ్చి గోడ కట్టించడం నయం కాదా?’ న్యాయమైన ప్రశ్న. విశాఖలో గజం విలువ తెలిసినవాళ్లెవరూ దీన్ని కొట్టిపారేయలేరు. కబ్జాలు ఎంత పెరిగాయంటే 2011లో సుప్రీంకోర్టే, పంజాబ్‌లో ఒక ఊరి చెరువు కేసులో, ఉమ్మడి భూముల ఆక్రమణలు తీయించడానికి పథకాలు వేయండని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. నేనే స్వయంగా ఎన్నో కంచెలు పీకించాను.

కానీ నా అనుభవం చెబుతాను. కబ్జా గురించి మాకు మొదట కబురు తెచ్చేది ఎవరు? జీపీఎస్ కాదు, శాటిలైటు కాదు. మేతకి వెళ్లే మనిషి. ‘బాబూ, కొండ కింద ఎవరో రాళ్లు పాతారు’ అని వచ్చి చెప్పేది ఆయనే. రోజూ తిరిగేవాడు ఉన్నచోట రాయి పాతడం కష్టం. మేత పోయాక, కళ్లం పోయాక, తీర్థం పోయాక, ఆ భూమికేసి చూసే కళ్లు పోతాయి. కబ్జా అప్పుడు మొదలవుతుంది. గోడ కట్టిన ఆ పదకొండెకరాల్లో కూడా ఒక మూల తర్వాత ఎవరో కలిపేసుకున్నారు. గోడ ఉన్నా.

ప్రభుత్వ భూమి కదా, ప్రభుత్వం ఇష్టం అనే మాట కూడా వింటుంటాం. దానికి జవాబు మన కొండల్లోంచే వచ్చింది. అనంతగిరి మండలం, బొర్రా ప్రాంతం. అప్పట్లో అది మన జిల్లాయే, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. అక్కడ గనులు లీజుకిస్తే గిరిజనుల తరఫున సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి ఇవ్వకూడదనే నిబంధనలో ‘వ్యక్తి’ అని ఉంది కదా, ఆ వ్యక్తిలోకి ప్రభుత్వం కూడా వస్తుందని కోర్టు చెప్పింది. ప్రభుత్వ భూమి అయినా సరే. ఆ తీర్పు చదివిన రోజు నేను ఆఫీసు అయ్యాక కూడా కుర్చీలోంచి లేవలేకపోయాను. ప్రభుత్వ భూమి అని రాసినచోటల్లా ‘మాది’ అనుకునేవాళ్లం. మాది కాదు, మా చేతిలో పెట్టింది అని అప్పుడు అర్థమైంది.

మరి ఏం చేయాలి? పంచుకోవడం మనకి చేతకాదా? చేతనవును. చేస్తూనే ఉన్నాం. బీచ్ రోడ్డులో పొద్దున పూట వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకి వదలడం లేదూ? తర్వాత బళ్లు తిరుగుతాయి. ఎవరైనా నష్టపోయారా? అంతకంటే పెద్దది చెబుతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు వేటకి వెళ్లవు. చేప గుడ్లు పెట్టే కాలం అని సముద్రానికి సెలవు ఇస్తున్నాం. అంత సముద్రాన్ని నెలల ప్రకారం పంచుకోగలిగినవాళ్లం పదకొండెకరాల్ని పంచుకోలేమా? ఇందులో ఇంకో సంగతి గమనించండి. ఆ 61 రోజులకి మత్స్యకారుడికి భృతి ఇస్తున్నారు. చాలుతుందా లేదా అన్నది వేరే మాట. కానీ నీ వాడకం ఆపుతున్నాం కాబట్టి నీకు బాకీ ఉన్నాం అని ప్రభుత్వం ఒప్పుకుంది. మేత ఆపినప్పుడు ఎవరైనా అలా ఒప్పుకున్నారా?

ఇక్కడ గ్రామ సచివాలయాల సర్వేయర్లు కొందరు వచ్చారని చెప్పారు. మీకోసమే ఇది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో రీసర్వే మొదలైంది. డ్రోన్లు, ఉపగ్రహాల సాయంతో హద్దు కొలిచే రోవర్లు వచ్చాయి. మేం గొలుసు లాగిన చోట మీరు అంగుళాల లెక్కన హద్దు చెప్పగలుగుతున్నారు. గర్వంగా ఉంది నాకు. కానీ తల్లీ, డ్రోన్ కూడా ఒక రోజే ఎగురుతుంది. అది ఏ నెలలో ఎగిరిందో ఆ నెల భూమినే చూస్తుంది. మే నెలలో ఎగిరితే నేను చూసినదే చూస్తుంది.

హద్దు కొలవడానికి వెళ్లినప్పుడు ఇంకో పని చేయండి. ఒక తెల్లకాగితం తీసుకెళ్లండి. పన్నెండు గీతలు గీయండి, చైత్రం నుంచి ఫాల్గుణం దాకా. రచ్చబండ దగ్గర పెద్దమనుషుల్ని అడగండి, సరే. వాళ్లతో ఆపకండి. పుల్లలేరుకునే ఆడవాళ్లని అడగండి. మేకల పిల్లాణ్ణి అడగండి. చాకలిని, జాలరిని, తీర్థం జరిపించేవాళ్లని అడగండి. ‘ఈ నెలలో ఇక్కడ ఏం జరుగుతుంది?’ అంతే. నింపాక గ్రామసభలో బిగ్గరగా చదవండి, తప్పుంటే వాళ్లే దిద్దుతారు. ఆ కాగితాన్ని ఫైలుకి జతచేయండి. దానికి గడి లేదంటారు, నాకు తెలుసు. రిమార్కుల్లో రాయండి. రేపు ఎవరికైనా ఆ భూమి ఇవ్వాలని ప్రతిపాదన వస్తే, ఇచ్చే అధికారి ఆ కాగితం చూసి సంతకం పెట్టాలి. ఇస్తే ఇవ్వనీయండి, ఊరికి ఆసుపత్రి కావాలి, బడి కావాలి, నేను కాదనడం లేదు. కానీ ఎవరి దగ్గర ఏం తీసుకుంటున్నాడో తెలిసి ఇవ్వాలి. ‘ఖాళీగా ఉన్నది’ అని రాసుకుని ఇవ్వకూడదు.

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు ఆ పల్లెకి మళ్లీ వెళ్లాను, శ్రావణంలో. రావిచెట్టు గోడ లోపలుంది. గేటు తాళం వేసి ఉంది. గోడ పక్కన రోడ్డు అంచున ఒకామె రెండు గేదెల్ని తాడుతో పట్టుకుని మేపుతోంది. లారీ వచ్చినప్పుడల్లా వాటిని గోడకేసి నొక్కి పట్టుకుంటోంది. కాసేపు అక్కడే నిలబడి, వచ్చేశాను.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇందాక బీచ్ సంగతి మాట్లాడుతుంటే మూడో వరసలో ఒక పెద్దాయన తల అడ్డంగా ఊపారు, నేను చూశాను. ఆయన జాలారిపేట నుంచి వచ్చారు. వల లాగే వేళ నేను తప్పు చెప్పినట్టున్నాను. రండి బాబాయ్, ఈ మైకు తీసుకోండి. ఏ నెలలో ఏ వేళకి లాగుతారో మీరు చెప్పండి, నేను రాసుకుంటాను.